మూడో పంట: ఒక డిగ్రీ డైరీ

జనవరి 19

పండక్కి వచ్చిన చుట్టాలు నిన్నటితో అందరూ వెళ్లిపోయారు. అరిసెల డబ్బా అడుగున నువ్వులు మిగిలాయి. నాకు మాత్రం ఒక ఎర్ర చుక్క మిగిలింది.

ఆ చుక్క సంగతి ముందు రాసిపెట్టుకోవాలి. విశాఖలో ఒక కంపెనీ క్లౌడ్ విభాగంలో ఉద్యోగం ఉందంటే దరఖాస్తు నింపాను. పదేళ్ల అనుభవం రాశాను. సర్వర్లు, నెట్‌వర్కు, లినక్స్, బ్యాకప్‌లు, అన్నీ రాశాను. ‘డిగ్రీ పూర్తయిన సంవత్సరం’ అన్న గడి పక్కన ఎర్ర చుక్క ఉంది. ఖాళీగా వదిలితే తర్వాతి పేజీ తెరుచుకోదు. సున్నా కొట్టాను, ఒప్పుకోలేదు. అడ్డగీత పెట్టాను, అదీ ఒప్పుకోలేదు. ఎదురుగా మనిషి ఉంటే బతిమాలుకోవచ్చు. గడిని ఏమని బతిమాలతాం?

2014లో ఇంజనీరింగ్ మూడో ఏడాది మధ్యలో నాన్న పోయారు. చదువు ఆపి, కొన్నాళ్లకు భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో చేరాను. కాటా మీది బరువు కంప్యూటర్‌లోకి రాకపోయినా, లేబుల్ ప్రింటర్ మొరాయించినా, కోల్డ్ స్టోరేజీ ఉష్ణోగ్రత తెరమీద కనిపించకపోయినా, గేటు దగ్గర ఎవరి వేలిముద్రా పడకపోయినా నాకే ఫోను వస్తుంది. రాజోలు పక్కన మా గోదావరి లంక నుంచి చించినాడ వంతెన దాటి, పాలకొల్లు మీదుగా రోజూ బండి మీద వెళ్లివస్తాను. ఆగిపోయిన బీటెక్‌ను పూర్తి చేద్దామంటే, నేను చేరినప్పటి రెగ్యులేషన్ (యూనివర్సిటీ నిబంధనల) ప్రకారం నాలుగేళ్ల కోర్సుకు ఎనిమిదేళ్లే గడువు. అది ఎప్పుడో దాటిపోయింది. పాసైన సబ్జెక్టులు కూడా దానితోపాటే మునిగాయి.

ఇక మొదటినుంచి మొదలుపెట్టాలి. ఎంత తొందరగా ముగించగలనో చూడాలి. ఈ డైరీ అందుకే.

జనవరి 26

డల్లాస్‌లో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయితో గంటసేపు మాట్లాడాను. అన్నయ్య అక్కడ నెట్‌వర్కు ఉద్యోగం చేస్తూ ఏడాదిలో డిగ్రీ పూర్తి చేశాడు. ఇందులో మోసమేమీ లేదు. వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీ అని, 1997లో అక్కడి 19 రాష్ట్రాల గవర్నర్లు కలిసి పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ. ఆరు నెలలకు ఇంత అని ఫీజు కడితే ఆ ఆరు నెలల్లో ఎన్ని సబ్జెక్టులైనా ముగించవచ్చు. తరగతిలో ఎన్నాళ్లు కూర్చున్నావని అడగరు. సిద్ధమయ్యానని అనుకున్న రోజున పరీక్ష రాయడం, పాసైతే తర్వాతి సబ్జెక్టుకు పోవడం. అన్నయ్యకు ముందే ఉన్న కాంప్‌టియా అనే కంప్యూటర్ రంగపు సర్టిఫికెట్లు చూసి కొన్ని సబ్జెక్టులు కొట్టేశారు కూడా.

“నువ్వూ అలాంటిది చూసుకోరా” అన్నాడు. ఆ విశ్వవిద్యాలయం అమెరికాలో ఉండేవాళ్ల కోసం. మన దగ్గర దానికి దగ్గరగా ఏమున్నాయో వారం రోజులు వెతికాను.

విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే యూజీసీ 2024 నవంబరులో వేగంగా డిగ్రీ ముగించే పద్ధతికి ఆమోదం తెలిపింది. మూడేళ్ల డిగ్రీని 5 సెమిస్టర్లలో, నాలుగేళ్లదాన్ని 6 లేదా 7 సెమిస్టర్లలో పూర్తి చేయవచ్చు. అయితే సీట్లలో 10 శాతానికి మించి ఇవ్వకూడదు. మొదటి లేదా రెండో సెమిస్టరు అయ్యాక కమిటీ కూర్చుని ఎవరికి ఇవ్వాలో తేల్చాలి. ఇంత చేసి మిగిలేది మూడేళ్లలో ఆరు నెలలు. పైగా రోజూ కాలేజీకి వెళ్లగలిగినవాడికే. ఇగ్నో అనే దూరవిద్య విశ్వవిద్యాలయంలో బీసీఏ అయితే ఇంట్లో ఉండి చదవవచ్చు కానీ, ఎంత తెలివైనవాడికైనా కనీసం మూడేళ్లు పడుతుంది. దూరవిద్య డిగ్రీ చెల్లుతుందా అని మా మావయ్యకు అనుమానం. గుర్తింపు ఉన్న సంస్థ ఆన్‌లైన్‌లో ఇచ్చినా, దూరవిద్యలో ఇచ్చినా మామూలు డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022 సెప్టెంబరులోనే చెప్పింది. ఆ కాగితం ఫోనులో తీసి చూపించాను. కళ్లజోడు లేదన్నాడు.

చివరికి నా చూపు ఐఐటీ మద్రాసు 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ దగ్గర ఆగింది. జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు విని, క్వాలిఫైయర్ అనే అర్హత పరీక్ష గట్టెక్కితే చేర్చుకుంటారు. పాఠాలు ఇంట్లో, పరీక్షలు మాత్రం సెంటరుకు వెళ్లి రాయాలి. చదువును క్రెడిట్లలో కొలుస్తారు. బీఎస్సీకి 114 క్రెడిట్లు: ఫౌండేషన్‌కు 32, ప్రోగ్రామింగ్ డిప్లొమాకు 27, డేటా సైన్స్ డిప్లొమాకు 27, ఆపైన 28. ఇంకో 28 చేస్తే 142తో నాలుగేళ్ల బీఎస్. ఎక్కడ ఆగినా అంతవరకు ఒక కాగితం చేతికి ఇస్తారు. మధ్యలో ఆగిపోయిన చరిత్ర ఉన్నవాణ్ణి, ఈ ఏర్పాటు నాకు అన్నిటికంటే నచ్చింది.

ఇంకొకటి కూడా నచ్చింది. ఏడాదికి రెండు సెమిస్టర్లు కాదు, జనవరి, మే, సెప్టెంబరుల్లో మూడు టర్ములు. మా ఊళ్లో మూడు పంటల్లాగే: సార్వా (వానాకాలం వరి), దాళ్వా (రబీ వరి), మధ్యలో అపరాలు. ఈ మాట మావయ్యకు కళ్లజోడు లేకుండానే అర్థమైంది. “దాళ్వా కోత ఆలస్యమైతే మినుము చల్లడానికి పదును ఉండదు, చూసుకో” అని మాత్రం అన్నాడు.

ఫిబ్రవరి 8

ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు అని ఇగ్నో లెక్క. దాన్నే ఇక్కడికి తెచ్చుకుంటే, ఫౌండేషన్ 32 క్రెడిట్లకు 960 గంటలు. రెండు టర్ముల్లో, అంటే సుమారు 35 వారాల్లో ముగించాలంటే వారానికి 27 గంటలు.

ఎక్కడి నుంచి తీయాలి? తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరున్నర వరకు రెండు గంటలు. రాత్రి గంట. ఆదివారం ఆరు. మొత్తం 24 వచ్చాయి. మిగతా మూడు గంటలూ ప్లాంటులో సర్వర్ గదిలో కూర్చున్నప్పుడు తీయాలి. ఆ గదిలో ఏసీ ఉంటుంది, మనుషులు రారు.

కాగితం మీద 27. ఈ వారం నిజంగా చదివింది 15. ఇకనుంచి రెండు అంకెలూ పక్కపక్కనే రాస్తాను.

మార్చి 4

క్వాలిఫైయర్ రాశాను. గణితం, గణాంకశాస్త్రం, ఇంగ్లిష్, కంప్యుటేషనల్ థింకింగ్. చివరిది తమాషాగా ఉంది. కంప్యూటర్ లేదు, ప్రోగ్రామింగ్ భాష లేదు. విద్యార్థుల మార్కుల కార్డులు, దుకాణం బిల్లుల కార్డులు ఒక పేకకట్టలా చేతికిచ్చి, ‘ఒక్కొక్క కార్డే తీస్తూ అన్నిటికంటే పెద్ద బిల్లు ఏదో ఎలా కనిపెడతావు’ అని అడుగుతారు. పదేళ్లుగా స్క్రిప్టులు రాస్తున్నవాణ్ణి, ఇది చిన్నపిల్లల ఆట అనుకున్నాను. రెండు కార్డులను ఒకేసారి పోల్చే లెక్క వచ్చేసరికి చెమట పట్టింది.

మార్చి 21

పాసయ్యాను. క్వాలిఫైయర్ మార్కును బట్టే మొదటి టర్ములో ఎన్ని సబ్జెక్టులు తీసుకోవచ్చో తేలుతుంది. నాకు నాలుగూ తీసుకునే అర్హత వచ్చింది.

మే 22

నాలుగా, మూడా?

మా ఆవిడ మూడంది. “జూలై, ఆగస్టుల్లో ఏటికి నీళ్లు వస్తాయి, అదే సమయానికి మీ ప్లాంటులో సరుకు కూడా వస్తుంది. నాలుగెందుకండి?” అంది. నేను అన్నయ్య లెక్క చెప్పాను. నాలుగు నాలుగు చొప్పున రెండు టర్ముల్లో ఫౌండేషన్ అవుతుంది. మూడు తీసుకుంటే మూడు టర్ములు పడుతుంది. నాలుగు నెలలు తేడా.

నాలుగు తీసుకున్నాను. ఆమె నర్సాపురం లేసు అల్లుతూ తలెత్తకుండా “మీ ఇష్టం” అంది. ఆ మాటకు మా ఇంట్లో అర్థం వేరు.

జూలై 6

విజయవాడలో మొదటి క్విజ్. పొద్దున్నే భీమవరంలో రైలెక్కి గుడివాడ మీదుగా వెళ్లాను. దారిలో ఆకుమళ్లు, చెరువుల మీద తిరిగే ఏరేటర్లు కనిపిస్తుంటే పుస్తకం మీద చూపు నిలవలేదు. సెంటరు గేటు దగ్గర కాపలా ఆయన “పిల్లల్ని లోపలికి పంపేసి మీరు నీడన కూర్చోండి సార్” అన్నాడు. హాల్ టికెట్ చూపించాను. పాపం, రెండుసార్లు చదివాడు.

మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు నాలుగు గంటలు ఒకే చోట కూర్చుని నాలుగు సబ్జెక్టులూ రాయాలి. చివరి గంటకు మెదడు వేడెక్కిన యూపీఎస్‌లా కూత పెట్టింది. గణితం బాగా పోయింది. గణాంకశాస్త్రం చివరికి మిగిలింది, తగ్గట్టే రాశాను.

ఈ నెలలో వారం సగటు: కాగితం మీద 27, నిజంగా 17.

ఆగస్టు 3

ఇవాళ రెండో క్విజ్. నేను రాయలేదు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఎగరేస్తారు. మొదటిదానికి మా లంకలో పశువులను గట్టు మీదికి తోలుతాం. రెండోదానికి మా రోడ్డు ఉండదు. గురువారం మొదటిది, శుక్రవారం రాత్రి రెండోది. సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు ముందే ఆపేశారు. శనివారం పొద్దున్నకి మా వీధి చివర మోకాలి లోతు వచ్చింది.

ఒంటరిగా అయితే నాటుపడవలో గట్టుకు చేరి, అక్కడినుంచి ఏదో ఒకటి పట్టుకుని విజయవాడ పోయేవాణ్ణే. కానీ మామ్మ పడవ ఎక్కనని పట్టుబట్టింది. ఎనభై రెండేళ్ల మనిషి, 1986 వరదను చూసిన మనిషి. “ఇది వరదా? నీ మొహం” అంది. ఆమెను ఒప్పించి, గేదెను గట్టెక్కించి, బియ్యం బస్తాలు అటక మీద పెట్టేసరికి ఆదివారం మధ్యాహ్నమైంది. రెండు గంటలకు అక్కడ పరీక్ష మొదలవుతుంటే నేను ఇక్కడ లుంగీ ఎగ్గట్టుకుని నీళ్లలో నిలబడి, ఇన్వర్టర్ బ్యాటరీని బల్ల మీదికి ఎత్తుతున్నాను.

ఒక క్విజ్ పోయినా, చివరి పరీక్షకు ఎక్కువ బరువు వేసి లెక్కగట్టే వెసులుబాటు ఉంది. అంటే తలుపు మూసుకుపోలేదు. పరీక్ష మొత్తం ఆ చివరి రోజు మీద పడింది, అంతే.

సెప్టెంబరు 14

ఫలితాలు. గణితం 71. కంప్యుటేషనల్ థింకింగ్ 78. ఇంగ్లిష్ 66. గణాంకశాస్త్రం 34. పాసవ్వాలంటే 40.

ఆరు మార్కులే కదా అనిపిస్తుంది. దాని వెనక గొలుసు ఉంది. మొదటి గణాంకశాస్త్రం పాసవకుండా రెండోది ఇవ్వరు. ఫౌండేషన్‌లో ఎనిమిదీ పాసవకుండా డిప్లొమా గడప తొక్కనివ్వరు. కాబట్టి ఈ టర్ములో మొదటిది మళ్లీ రాయాలి, వచ్చే జనవరిలో రెండోది చదవాలి. నాలుగు నెలలు మిగుల్చుకుందామని నాలుగో సబ్జెక్టు తీసుకున్నాను. అదే నాలుగు నెలలు పోయింది, ఫీజు రెండోసారి కట్టాల్సి వచ్చింది.

రాత్రి మా ఆవిడ లేసు విప్పుతూ కూర్చుంది. వరుస మొదట్లో ఒక్క గొలుసు కన్ను తప్పిందట. “వదిలెయ్యి, ఎవరికి కనిపిస్తుంది?” అన్నాను. “చివరికొచ్చేసరికి పువ్వు మూసుకోదండి” అని మొత్తం విప్పేసింది.

పడుకోబోయే ముందు నాకు తట్టింది. అన్నయ్య దేశంలో ఫీజు కాలానికి. తొందరపడ్డకొద్దీ డబ్బు మిగులుతుంది. పరీక్ష తప్పితే సిద్ధమయ్యాక మళ్లీ రాసుకుంటాడు, పోయేవి కొన్ని రోజులు. నా దగ్గర ఫీజు సబ్జెక్టుకు, పరీక్ష క్యాలెండరుకు. తొందరపడితే పైసా మిగలదు, తప్పితే మాత్రం నాలుగు నెలలు పోతాయి. అతని ఎత్తు తెచ్చి నా ఆటలో వేశాను. ఇక్కడ తొందరగా ముగించడమంటే ఒక్కటి కూడా రెండోసారి రాయకుండా ఉండడమే. ఇంత చిన్న లెక్క మే నెలలో ఎందుకు వేసుకోలేదో!

ఈ టర్ముకు మూడే: రెండో గణితం, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, పాత బాకీ గణాంకశాస్త్రం. రెండో ఇంగ్లిష్‌ను జనవరికి నెట్టాను. ఎలాగూ జనవరిలో కూర్చోవాలి కదా.

అక్టోబరు 11

ఇవాళ్టిది కొంచెం పొడుగ్గా రాస్తాను. పదేళ్లుగా చూస్తున్న విషయం ఇవాళ కనిపించింది మరి.

ప్లాంటుకు సరుకు వచ్చినప్పుడు మొదట చూసేది కౌంట్. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. 50 కౌంట్ అంటే రొయ్య సగటున 20 గ్రాములు. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. రైతుకూ ఏజెంటుకూ గొడవ వచ్చేదంతా ఇక్కడే.

నాకు పుస్తకంలో ‘ప్రామాణిక విచలనం’ అన్న మాట తగిలినప్పుడల్లా నిద్ర వచ్చేది. సూత్రం వచ్చు, అది దేనికో తెలియదు. ఇవాళ మధ్యాహ్నం రెండు చెరువుల సరుకు ఒకేసారి దిగింది. రెండూ 50 కౌంటే. కానీ గ్రేడింగ్ దగ్గర ఉండే పెద్దావిడ రెండో కుప్పలో చెయ్యి పెట్టగానే “ఇది కలగలుపు సరుకు” అంది. సగటు ఒకటే అయినప్పుడు ఆమె చేతికి తెలిసింది ఏమిటి?

ఒక్కో కుప్పలోంచి ఐదు రొయ్యలు తీసి చిన్న కాటా మీద తూచాను. మొదటి కుప్ప: 19, 20, 21, 20, 20. రెండో కుప్ప: 12, 28, 14, 26, 20. రెండింటి సగటూ 20. సగటు నుంచి ఒక్కొక్కటి ఎంత దూరంలో ఉందో తీసి, వర్గం చేసి, కలిపితే మొదటిదానికి 2, రెండోదానికి 200. ఐదు రొయ్యలు మచ్చు మాత్రమే, కాబట్టి ఐదుతో కాదు, నాలుగుతో భాగించాలి. 0.5, 50. వర్గమూలం తీస్తే వచ్చేదే ప్రామాణిక విచలనం: 0.71 గ్రాములు, 7.07 గ్రాములు. సరిగ్గా పది రెట్లు! పెద్దావిడ చేతికి తెలిసింది అదే. ఆ పది రెట్లకు ఆమె పెట్టుకున్న పేరు కలగలుపు.

అక్కడితో ఆగబుద్ధి కాలేదు. సరుకులో నూటికి 5 మెత్తగుల్ల రొయ్యలు ఉన్నాయనుకుందాం. పది తీసి చూస్తే ఒక్కటీ తగలకుండా పోయే అవకాశం ఎంత? 0.95ను పదిసార్లు గుణిస్తే సుమారు 0.60. అంటే నూటికి అరవైసార్లు, పది రొయ్యలు చూసి ‘సరుకు శుభ్రంగా ఉంది’ అని సంతకం పెట్టేస్తాం. యాభై తీసి చూస్తే ఆ అవకాశం 8 శాతానికి పడిపోతుంది. ఇదేదో గొప్ప సంగతి కనిపెట్టినట్టు క్వాలిటీ సూపర్‌వైజరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన విని “అందుకే కదండీ మేము బుట్టలకొద్దీ తీసేది” అన్నాడు.

మే నెలలో నేను ఈ సబ్జెక్టును ఎలా చదివానో ఇప్పుడు తెలుస్తోంది. నాలుగింటిలో ఒకటిగా, చివర్లో, మిగిలిన సమయంలో. ఈ వారం చదివింది 19 గంటలే. కానీ మూడు సబ్జెక్టులకు 19.

నవంబరు 23

పైథాన్‌కు రెండు ప్రోగ్రామింగ్ పరీక్షలు కంప్యూటర్ మీద, కెమెరా చూస్తుండగా రాయాలి. నిన్నటిదానికి ముందు కరెంటు పోతుందేమోనని ఇన్వర్టర్, ల్యాప్‌టాప్ బ్యాటరీ, ఫోను హాట్‌స్పాట్ వరసగా పెట్టుకుని కూర్చున్నాను. కరెంటు పోలేదు. పక్కింటి కోడిపుంజు మాత్రం రెండు గంటలూ ఆపకుండా కూసింది. పండక్కి బరి కోసం మేపుతున్నారు, ఏమీ అనలేం.

కౌంట్ పుస్తకాన్ని చదివి, సగటుతోపాటు కలగలుపును కూడా చూపించే చిన్న ప్రోగ్రాము రాశాను. నలభై వరుసలు ఉంటుంది. మేనేజరుగారు చూసి ప్రతి సోమవారం తన బల్ల మీద ఆ కాగితం ఉండాలన్నారు. చదువులోంచి జీతం వచ్చే పనిలోకి వెళ్లిన మొదటి వస్తువు అది.

జనవరి 16

మూడూ పాస్. గణాంకశాస్త్రం 73. ఆ అంకెను మొన్న భోగిమంట దగ్గర అందరికీ చెప్పాను. ఎవరికీ పట్టలేదు.

హైదరాబాదు నుంచి వచ్చిన బావగారు “ఇంకా చదువుతున్నావా? ఎప్పటికి అవుతుంది?” అన్నారు. నిరుడైతే నొచ్చుకునేవాణ్ణి. ఈసారి లెక్క చెప్పాను. ఇప్పటికి ఆరు సబ్జెక్టులు, 24 క్రెడిట్లు. ఆయన తల ఊపి బరుల వైపు వెళ్లిపోయారు.

జనవరి టర్ముకు రెండే సబ్జెక్టులు: రెండో గణాంకశాస్త్రం, రెండో ఇంగ్లిష్. డిప్లొమా ఇంకా తెరుచుకోదు కాబట్టి పొలం సగం ఖాళీ. ఆ ఖాళీలో ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) వాళ్ల సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ సర్టిఫికెట్ పరీక్ష వేస్తున్నాను. 130 నిమిషాలు, 65 ప్రశ్నలు, 1000కి 720 వస్తే పాస్. ఆ పరీక్షకు డిగ్రీ ఉందా అని అడగరు.

మార్చి 15

748. బొటాబొటిగా అయినా గట్టెక్కాను.

చదవడానికి ఎనిమిది వారాలు పట్టింది. నెట్‌వర్కు భాగం చదవకుండానే వచ్చేసింది, పదేళ్లుగా ప్లాంటులో కేబుళ్లు లాగినవాణ్ణి కదా. డేటాబేసుల భాగం దగ్గర తేలిపోయాను. డిప్లొమాలో మొదట తీసుకోవాల్సింది ఏదో ఆ తప్పులే చెప్పాయి.

ప్లాంటులో నా హోదాను ‘ఐటీ అసిస్టెంటు’ నుంచి ‘సిస్టమ్స్ ఎగ్జిక్యూటివ్’కు మార్చారు. కొత్త గుర్తింపు కార్డు ఇచ్చారు. జీతం కార్డు సైజులోనే పెరిగింది.

ఏప్రిల్ 20

కాలువలు కట్టేశారు. దాళ్వా కోతలు ముగింపుకు వచ్చాయి. అడుగంటిన కాలువలో పిల్లలు చేపలు పడుతున్నారు. ఇవాళ చివరి పరీక్షలు రాసి రైల్లో వస్తున్నాను. రెండో గణాంకశాస్త్రం బాగానే రాశాను. ఇంగ్లిష్ గురించి బెంగ లేదు.

మే 17

ఫౌండేషన్ అయిపోయింది. 32 క్రెడిట్లు. రెండు టర్ములు అనుకున్నది మూడు టర్ములు పట్టింది, అంటే ఏడాది. మా ఆవిడ చెప్పినట్టు మొదటి నుంచి మూడేసి తీసుకున్నా సరిగ్గా ఏడాదే పట్టేది. ఫీజు ఒకసారి తక్కువ కట్టేవాణ్ణి. ఈ వాక్యాన్ని ఆమెకు చదివి వినిపించాను. మళ్లీ చదవమంది.

మధ్యాహ్నం హైదరాబాదులో ఒక ఉద్యోగానికి దరఖాస్తు తెరిచాను. ఎర్ర చుక్క ఇక్కడా ఉంది. కానీ గడిలో సంవత్సరాల జాబితా ఇచ్చారు, రాబోయే సంవత్సరాలు కూడా ఉన్నాయి. కింద ‘చదువు కొనసాగుతోంది’ అన్న గుర్తు కూడా ఉంది. అది పెట్టి, సర్టిఫికెట్ సంఖ్య రాస్తే తర్వాతి పేజీ తెరుచుకుంది. అక్కడ ‘ఇప్పటి జీతం ఎంత’ అని ఇంకో ఎర్ర చుక్క. దాన్ని రేపు చూసుకుంటాను.

మే 24

డిప్లొమా మొదటి టర్ముకు సబ్జెక్టులు ఎంచుకోవడానికి ఇవాళే ఆఖరు. డేటాబేసులు 4 క్రెడిట్లు, డేటా స్ట్రక్చర్లు 4, లినక్స్ కమాండ్ల సబ్జెక్టు 3. చివరిది నేను రోజూ చేసే పనే. రోజూ చేసే పనే కదా అని ఎవరైనా అంటే, పేకకట్ట కార్డులు గుర్తుచేసుకుంటాను. మొత్తం 11. నాలుగో సబ్జెక్టు గడి కూడా టిక్కు పెట్టమని పిలుస్తోంది. పెడితే 15.

గోడ మీది క్యాలెండరు తీసి, జూలై, ఆగస్టు ఆదివారాల చుట్టూ పెన్సిలుతో గీశాను. రెండో క్విజ్ వారానికి శుక్రవారమే బయల్దేరి విజయవాడలో మా పిన్ని ఇంట్లో ఉండాలి. మామ్మను ఈసారి నీళ్లు రాకముందే పాలకొల్లు పంపాలి. ఒప్పుకుంటే.

సెప్టెంబరులో ఏరు తగ్గాక నాలుగు తీసుకోవచ్చు. జనవరిలోనూ నాలుగు. ఈ సార్వాకు మూడే.

మూడు టిక్కులు పెట్టి ఫీజు కట్టాను. “ఎన్ని తీసుకున్నారు?” అని మా ఆవిడ లోపలినుంచి అడిగింది.

చెప్పాను. లేసు సూది మళ్లీ కదలడం మొదలుపెట్టింది.